సంతకం పెట్టకపోతే దేవుణ్ణి నమ్మనట్టేనా?

సింగరాయకొండ దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయట పెట్టవద్దన్నారు. ఆమె వయసు నలభై ఒకటి, అంగన్‌వాడీ కార్యకర్త. భర్త వేరొకరి రొయ్యల చెరువుల మీద చాలా ఏళ్లుగా సూపర్‌వైజరు. ఆయనకు పద్దెనిమిది వేలు, ఆమెకు పదకొండున్నర వేలు జీతం. ఒక్కతే కూతురు, నెల్లూరులో హాస్టల్లో ఉండి నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. తాతల నాటి నుంచి క్రైస్తవ కుటుంబం. మిగతాది కుదించి ఆమె మాటల్లోనే ఇస్తున్నాను.

"డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో అందరిలాగే మేమూ కొత్త ఏడాదికి వాగ్దానం, అంటే బైబిలు వచనం రాసిన కార్డు, తీసుకున్నాం. పళ్లెంలో బోర్లించిన కార్డుల్లో మా ఆయన తీసినదాని మీద 'నీవు అనేక జనములకు అప్పిచ్చెదవు కాని అప్పుచేయవు' అని ఉంది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పెళ్లయిన దగ్గరనుంచి మాకు అప్పు లేని నెల లేదు. ఆ కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువా అద్దానికి అంటించారు.

ఫిబ్రవరిలో ఉజ్జీవ కూటాలు, విశ్వాసాన్ని రగిలించే ప్రత్యేక సభలు, జరిగాయి. బయటినుంచి వచ్చిన దైవజనులు 'చూసి నమ్మేది విశ్వాసం కాదు, చూడకముందే పొందానని నమ్మాలి, అడుగు వేసినవాడికే సముద్రం చీలుతుంది' అన్నారు. తర్వాతి ఆదివారమే మా ఆయన లేచి నిలబడి, దేవుడు నాకు రెండు చెరువులు ఇచ్చాడని సాక్ష్యం చెప్పేశారు. అప్పటికి చెరువులూ లేవు, డబ్బూ లేదు.

ఇప్పుడు పక్క ఊళ్లో రెండు చెరువులు కౌలుకు వస్తున్నాయి. మేత కొంత అరువుకు దొరికినా ఇంకా ఎనిమిది లక్షలు కావాలట. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చే మనిషి కూడా దొరికాడు. మా నాన్న నా పేర రాసిచ్చిన ఎకరం మీద అతనికి అగ్రిమెంటు రాసివ్వాలి. సంతకం నాది కావాలి.

నష్టం వస్తే ఎలా అని ఒక్కసారే అడిగాను. 'నీ అపనమ్మకమే మన ఆశీర్వాదానికి అడ్డం' అన్నారు. బుధవారం స్త్రీల కూటంలో నా పేరు ఎత్తి, నా అవిశ్వాసం పోవాలని ప్రార్థన చేశారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను ఆరాధన మానలేదు, బైబిలు చదవకుండా ఏ రాత్రీ పడుకోను. అయినా ఆ కాగితం మీద సంతకానికి చెయ్యి రావడం లేదు. సంతకం పెట్టకపోతే నేను దేవుణ్ణి నమ్మనట్టేనా? అమ్మాయికి ఇవేమీ చెప్పలేదు.

ఇంకొకటి, కూటాల్లో చేతులుంచి ప్రార్థన చేసిన దగ్గరనుంచి మా ఆయన షుగర్ మాత్రలు కూడా మానేశారు. స్వస్థత పొందానంటారు. మందుల డబ్బాలో రెండు మాత్రలు మాత్రమే తీసిన అట్ట అలాగే ఉంది."

చెల్లెమ్మా,

మీ ఉత్తరంలో ఎకరం గురించి మూడు పేజీలున్నాయి, మాత్రల గురించి చివర మూడు ముక్కలున్నాయి. నేను ఆ చివరినుంచే మొదలుపెడతాను. ఎకరం సంగతి ఇంకో నెల ఆలోచించవచ్చు. మాత్రల సంగతికి అంత వ్యవధి లేదు.

రొయ్యల చెరువుల మీద పనిచేసే మనిషి కాళ్లు ఎప్పుడూ తడిలోనే ఉంటాయి. ఉప్పునీరు, పగిలిన నత్తగుల్లలు, గట్టు మీద ముళ్లు. షుగర్ అదుపు తప్పినవారికి రానురాను పాదాల్లో స్పర్శ మొద్దుబారుతుంది. కోసుకున్నా తెలియదు. తెలిసేసరికి అది మానని పుండు అవుతుంది. మందులు మానిన తొలి నెలల్లో చాలామంది మామూలుగానే తిరుగుతారు, కొందరైతే హుషారుగా కూడా ఉంటారు. దాన్నే స్వస్థత అనుకుంటారు. లోపల మూత్రపిండాలకు, కంటిలోని సన్నని రక్తనాళాలకు జరిగేది పైకి కనిపించదు.

స్వస్థత జరిగిందా లేదా అని మీ ఆయనతో వాదనకు దిగవద్దు. వాదన మొదలైతే ఆయన గెలవడానికే చూస్తారు, మాత్రలు ఇంకో ఆరు నెలలు డబ్బాలోనే ఉంటాయి. యేసు కుష్ఠరోగిని బాగుచేసి, వెళ్లి యాజకుడికి కనపరచుకోమన్నాడు. ఆ రోజుల్లో బాగైందని తేల్చి చెప్పవలసినవాడు యాజకుడే. స్వస్థతను పరీక్షకు పెట్టడం అవిశ్వాసమైతే, ఆ పరీక్షకు పంపినవాడు ఎవరో మీ ఆయనే చెప్పాలి. "దేవుడు బాగుచేశాడని మీరంటున్నారు కదా, పరీక్ష చేయించి ఆ కాగితం కూడా సాక్ష్యంలో చూపిద్దాం" అనండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తంలో చక్కెర చూస్తారు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష కూడా చేయిస్తే ఒక్క రోజు పస్తుండి తగ్గించుకున్న అంకెతో ఎవరూ మోసపోరు. అంకె బాగుంటే డాక్టరే చెబుతారు. ఎక్కువగా ఉంటే మాత్ర ఎంత, ఎప్పుడు అన్నది మళ్లీ ఆయనే చెప్పాలి, పాత అట్ట తీసి మీరే మొదలుపెట్టవద్దు.

ఆయన అసలు కదలనంటే? అప్పుడు మీరు చేయగలిగింది కనిపెట్టుకుని ఉండటం. ఆగని దాహం, రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవడం, ఉన్నట్టుండి చిక్కిపోవడం, పాదం మీద నీరు కారే పుండు, ఇవి కనిపిస్తే ఆయన ఒప్పుకోలు కోసం చూడవద్దు. వాంతులు, మగత, ఆయాసం అయితే ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మందు వాడితే విశ్వాసం తగ్గుతుందని ఆయన అనవచ్చు. చావు జబ్బుతో ఉన్న యూదా రాజు హిజ్కియాకు ఇంకో పదిహేను సంవత్సరాలు ఆయుష్షు ఇస్తానని దేవుడు ప్రవక్త యెషయా నోట చెప్పించాడు. పళ్లెంలోంచి తీసిన కార్డు కాదది, ఆ మనిషికే, అంకెతో సహా వచ్చిన మాట. అంతటి మాట చెప్పిన యెషయాయే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి రాజు పుండు మీద కట్టించాడు. రెండవ రాజుల గ్రంథం ఇరవయ్యో అధ్యాయంలో వాగ్దానమూ ముద్దా రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఆ అధ్యాయాన్ని ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో మీరు చదవండి, ఊరికే చదివి వదిలేయండి.

ఇక కార్డు సంగతి. వాగ్దాన కార్డులను ఎగతాళి చేసే మనిషిని కాను. ఏడాది పొడుగునా అద్దంలో ముఖం చూసుకున్నప్పుడల్లా ఒక వచనం కంటబడటం మంచిదే. చిక్కు ఎక్కడ వస్తుందంటే, చిన్న కార్డు మీద వచనం మొత్తం పట్టదు. ద్వితీయోపదేశకాండం 28:12 తెరిచి చూడండి. మీ ఆయనకు వచ్చింది దాని రెండో సగం. మొదటి సగంలో వర్షం దాని కాలమందు కురుస్తుందని, నీవు చేయు కార్యమంతటినీ ఆశీర్వదిస్తానని ఉంది. ఆ అధ్యాయం మొత్తం ఇశ్రాయేలు జనాంగాన్ని ఉద్దేశించింది, "నీవు వినినయెడల" అన్న షరతుతో మొదలవుతుంది. అందులో మనకు ఓదార్పు లేదని అనడం లేదు. ఫలానా ఊళ్లో రెండు చెరువులు, ఈ సీజనులోనే, ఫలానా మనిషి డబ్బుతో అని మాత్రం అందులో ఎక్కడా లేదు. సాక్ష్యంలో 'రెండు' అన్న అంకె ఎక్కడినుంచి వచ్చింది? చెరువులు, గడువు, పెట్టుబడి, ఈ మూడూ మీ ఆయన పెట్టుకున్నవి. వాటి మీద దేవుడి సంతకం ఉందనుకుంటున్నారు, అందుకే ఇప్పుడు మీ సంతకం కూడా కావాలంటున్నారు.

పైగా "అప్పుచేయవు" అన్న వచనాన్ని నెరవేర్చడానికి ఎనిమిది లక్షలు అప్పు చేయడం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఈ మాట మీరు ఆయనతో అనవద్దు, దెప్పినట్టుంటుంది. ఆ కార్డు చూసి ఆయన ఎందుకు ఏడ్చారో మీకు తెలుసు. ఏళ్ల తరబడి ఎదుటివాడి చెరువులో రొయ్యను కాపాడి, పట్టుబడి రోజున లారీకి ఎక్కించి, నెలాఖరున జీతం తీసుకున్న మనిషి. సొంత చెరువు కోరుకోవడం తప్పు కాదు, ఆ కోరిక దేవుడి ముందు పెట్టడమూ తప్పు కాదు.

ఆ ప్రసంగీకుడు చెప్పిందంతా అబద్ధం కూడా కాదు. చూడకముందే నమ్మడం మన విశ్వాసంలో ఒక మూల ఉన్న సంగతి కాదు, అసలు సంగతే అది. "అదృశ్యమైనవి యున్నవనుటకు రుజువు" అని హెబ్రీయులకు రాసిన పత్రికలో ఉన్న మాట మీకు కంఠతా వచ్చే ఉంటుంది. అదే అధ్యాయంలో పదమూడో వచనం మాత్రం ఉజ్జీవ కూటాల్లో ఎందుకో వినబడదు. అక్కడ పేరుపేరునా చెప్పినవాళ్లు వాగ్దాన ఫలం అనుభవించకుండానే, దూరం నుంచి చూసి వందనం చేసి, విశ్వాసంతోనే చనిపోయారని ఉంది. కౌలు కాగితాల గడువులోగా అందితేనే విశ్వాసం అనుకుంటే ఆ అధ్యాయంలో సగం పేర్లు కొట్టేయాలి.

అబ్రాహాము సంగతే తీసుకోండి. హారాను వదిలి బయలుదేరినప్పుడు ఆయనకు డెబ్భై అయిదేళ్లు, ఇస్సాకు పుట్టేసరికి నూరు. మధ్యలో ఆగలేక, వాగ్దానానికి తామే చెయ్యందించాలనుకుని, దాసి హాగరు ద్వారా ఇష్మాయేలును కన్నారు. అప్పటికి ఆయనకు ఎనభై ఆరు. ఆ తొందరకు వెల కట్టింది ఎవరు? అబ్రాహాము కాదు, శారా కూడా కాదు. నీళ్ల తిత్తి భుజాన వేసుకుని, బిడ్డతో ఎడారిలోకి నడిచిన హాగరు. మీ ఇంటి వ్యవహారంలో నన్ను కలవరపెట్టేది ఇదే. అడుగు వేస్తున్నది మీ ఆయన, ఆ అడుగు కింద ఉన్నది మీ నాన్న ఇచ్చిన నేల. పేతురు కూడా నీళ్ల మీద నడిచాడు, నిజమే. ప్రభువును అడిగి, "రమ్ము" అన్నాక దిగాడు, దిగింది తానే. ముందు అత్తగారిని దింపి చూడలేదు.

ఇలా అంటే యిర్మీయా ప్రవక్త పొలం కొనలేదా అని మీ ఆయన అడగవచ్చు. అడిగితే సంతోషించండి, ఎందుకంటే బైబిల్లో మీ సంగతికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న కథ అదే. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది. యిర్మీయా చెరసాల ప్రాంగణంలో ఉన్నాడు. పొలం కొనమని దేవుడి మాట వచ్చింది. వెంటనే ఊరంతా చాటలేదు. పినతండ్రి కొడుకు నిజంగానే వచ్చి పొలం కొనమన్నాక, "అది యెహోవా వాక్కు అని నేను తెలిసికొంటిని" అంటాడు. ప్రవక్త అంతటివాడే తన మనసులో వినబడినదాన్ని రూఢి చేసుకున్నాడు. తర్వాత పదిహేడు తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు, సొంత వెండి. సాక్షులను పెట్టాడు, క్రయపత్రం రాసి ముద్ర వేశాడు, చాలాకాలం ఉండేలా మట్టికుండలో పెట్టించాడు. ఇంతా చేసి, దేవా ఇదేమిటి అని ప్రార్థనలో అడిగాడు కూడా. ఆ పొలంలో ఆయన ఒక్క పంట తీసినట్టు ఎక్కడా లేదు. ఆయనను ఐగుప్తుకు తీసుకుపోయారు. పొలం కొన్నది మళ్లీ ఆ దేశంలో ఇళ్లూ పొలాలూ కొంటారన్న మాట మీద. ఆ మాటకు తన జీవితకాలాన్ని గడువుగా పెట్టలేదు. నష్టమంటూ వస్తే పదిహేడు తులాల దగ్గర ఆగిపోయేలా కొన్నాడు, ఇంకెవరి మెడకూ చుట్టుకోకుండా.

మన దగ్గరి సంగతి ఒకటి చెబుతాను. ఒంగోలులో ప్రార్థన కొండ మీకు తెలిసిందే. 1840లో మొదలైన నెల్లూరు బాప్టిస్టు మిషన్‌కు ఫలితం నామమాత్రంగా ఉండటంతో, 1853లో అమెరికాలోని మిషన్ పెద్దలు దాన్ని మూసేద్దామా అని చర్చించారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషన్‌లో పనిచేస్తున్న జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండ ఎక్కి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడు, అమెరికన్ మిషనరీ క్లౌ దొర, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. ఆ పన్నెండేళ్లూ జ్యూయెట్ చేయగలిగిన పని చేసుకుంటూ పోయాడు. 1876-78 కరువు వచ్చినప్పుడు, మీ పల్లెల వెంట పోయే బకింగ్‌హాం కాలువలోనే మూడున్నర మైళ్ల తవ్వకం క్లౌ దొర కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. జనం బాప్తిస్మం అడిగారు. కొండ మీది ప్రార్థనకు జవాబు వచ్చేసిందని అక్కడికక్కడే చాటుకోవచ్చు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మన సభల్లో ఆ అంకె చెప్పేటప్పుడు గొంతులు పెరుగుతాయి. కొండకూ ఏటికీ మధ్య ఇరవై నాలుగేళ్లు ఉన్నాయని చెప్పేవాళ్లు తక్కువ.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. నిర్ణయం మీది, ఆ ఎకరం మీది. నేను చేయగలిగింది ఒక్కో దారి ఎటు పోతుందో చెప్పడం.

సంతకం పెట్టారనుకోండి. ఇంట్లో ఆ రోజే మబ్బు విడిపోతుంది, కూటంలో మీ పేరు మంచిగా వినబడుతుంది. మీ ఆయనకు పని తెలుసు, పంట దక్కితే దక్కవచ్చు కూడా. వనామి రకం రొయ్య మూడు నాలుగు నెలల పంట. ధర నిలిచి, జబ్బు రాకుండా ఉంటే మొదటి పట్టుబడికే అప్పులో పెద్ద ముక్క తీరుతుంది. మరో పక్క, తెల్లమచ్చ వైరస్ తగిలిన చెరువు రోజుల్లో ఖాళీ అవుతుంది. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు మన తీరంలో రైతులు ఎంత అల్లాడారో మీ ఆయన కళ్లారా చూసే ఉంటారు. ఎనిమిది లక్షలకు నూటికి రెండు రూపాయలంటే నెలకు పదహారు వేలు, ఏడాదికి లక్షా తొంభై రెండు వేలు, అసలు కాకుండా. చెరువులు చూసుకోవడానికి ఆయన ఉద్యోగం మానితే పద్దెనిమిది వేలు ఆగిపోతాయి. మీ పదకొండున్నర వేలు వడ్డీకే చాలవు, అమ్మాయి ఫీజు మాట దేవుడెరుగు.

ఇంకొక సంగతి వడ్డీ కంటే ముఖ్యం. మీరు 'అగ్రిమెంటు' అని రాశారు. అది తాకట్టు పత్రమా, అమ్మకం ఒప్పందమా? అప్పిచ్చేవాళ్లలో కొందరు తాకట్టు బదులు భూమి అమ్ముతున్నట్టు ఒప్పందం రాయించుకుంటారు. వాయిదా తప్పితే అప్పు సంగతి పక్కకు పోయి, అమ్ముతానని రాసిచ్చావు కదా అంటారు. సంతకం పెట్టాలనే మీరు నిర్ణయించుకున్నా సరే, ఆ కాగితం వకీలుకు చూపించకుండా, ఖాళీ ప్రామిసరీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద మాత్రం పెట్టవద్దు. ఒంగోలు కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లకు ఉచితంగా న్యాయ సహాయం అందించాలని చట్టంలోనే ఉంది. అక్కడికి వెళ్లడం భర్త మీద ఫిర్యాదు చేయడం కాదు, కాగితంలో ఏముందో చదివించుకోవడం.

పెట్టనని చెప్పారనుకోండి. ఆ హక్కు మీకు పూర్తిగా ఉంది. ఎకరం నిలుస్తుంది. ఇంట్లో కొన్నాళ్లు ముఖాలు ముడుచుకుంటాయి. చెరువులు చేజారితే ప్రతి చిక్కుకూ మీ పేరే చెబుతారు, అది ఎంతకాలమో నేను చెప్పలేను. మీకు తెలియకుండా ఆయన తన పేర నోటు రాసి చిన్న చిన్న అప్పులు తెచ్చే ప్రమాదమూ ఉంది. అందుకే ఉత్త 'వద్దు' కన్నా, ఎందుకు వద్దో, ఏది మారితే సరే అంటారో చెప్పడం నయం.

మూడో దారి చిన్నగా మొదలుపెట్టడం. ఉద్యోగం వదలకుండా, తెలిసినవాళ్ల ఒక్క చెరువులో వాటా. డబ్బు మీ పొదుపు సంఘం నుంచి, వాయిదా ఎంతో ముందే తెలిసిన అప్పుగా, మొత్తం పోయినా మీ ఇద్దరి జీతాలతో తీర్చగలిగినంత మేరకే. ఎకరం కాగితాలు బీరువాలోనే ఉంటాయి. నష్టం ఇందులోనూ రావచ్చు, వస్తే లెక్కకు అందుతుంది. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది ప్రభువే కాబట్టి, లెక్క వేసినందుకు మిమ్మల్ని ఎవరూ అవిశ్వాసి అనలేరు. ఇందులో ఉన్న ఇబ్బంది ఒకటే. సభలో రెండు చెరువులు అని చెప్పిన మనిషికి ఒక చెరువులో పావు వాటా అవమానంగా తోస్తుంది.

నాకు ఈ మూడోదే నచ్చింది, దాచను. కానీ దానికి మీ ఆయన దిగిరావాలంటే ముందు ఆ సాక్ష్యం ముడి విప్పాలి. ఆయనను ఇప్పుడు తోస్తున్నది వాగ్దానం కన్నా ఎక్కువగా ఆ ఆదివారం నలుగురి ముందు అన్న మాట. వెనక్కి తగ్గితే దేవుడి పరువు పోతుందని అనుకుంటున్నారు, అందులో తన పరువు ఎంతో ఆయనకే తెలియదు. తప్పు ఒప్పుకోమంటే ఒప్పుకోరు. "దేవుడు నా మనసులో పెట్టాడు, సమయం ఇంకా రాలేదు, ప్రార్థనలో ఉంచండి" అని ఇంకో ఆదివారం చెప్పే వీలు ఉందని ఎవరైనా ఆయనకు చూపించాలి. ఆ మనిషి మీరు కాకూడదు. మీ సంఘ కాపరి, లేదా ఆయన గౌరవించే సంఘ పెద్ద. వచ్చి వెళ్లిపోయిన ప్రసంగీకుడు వడ్డీ కట్టే నెలలో మీ ఊళ్లో ఉండడు, కాపరి ఉంటారు. కాపరి కూడా ఆయన పక్షమే మాట్లాడవచ్చు, దానికి సిద్ధపడే వెళ్లండి. వడ్డీ లెక్క, పరీక్ష కాగితం చేతిలో పెట్టుకుని, కాపరి భార్య కూడా ఉన్నప్పుడు మాట్లాడండి. మరి హామీదారుగా మీరు సంతకం చేస్తారా అయ్యగారూ అని అడగమని నేను చెప్పను. నాకైతే అడగాలనిపించింది.

ఇక మీరు అడిగిన ప్రశ్న. నీ అపనమ్మకమే అడ్డం అన్నమాట ఇన్నాళ్లూ మిమ్మల్ని నిద్రపోనివ్వలేదు. లూకా సువార్త మొదటి అధ్యాయం చదవండి. ముసలితనంలో కొడుకు యోహాను పుడతాడన్న దూత మాటను జెకర్యా నమ్మలేదు, అందుకు మూగవాడయ్యాడు. శిక్ష పడింది, నిజమే. యోహాను పుట్టడం ఆగిందా? ఒక ముసలి యాజకుడు నమ్మలేకపోయినంత మాత్రాన దేవుడి వాగ్దానం ఆగలేదు. సింగరాయకొండ పక్క ఒక ఇల్లాలు నష్టం వస్తే ఎలా అని అడిగితే ఆగిపోయేంత బలహీనమైన వాగ్దానం అయితే, దాని మీద ఎనిమిది లక్షలు పెట్టడం అసలే ప్రమాదం. అదే అధ్యాయంలో మరియ కూడా "యిదేలాగు జరుగును" అని అడిగింది. ఆమెకు కోపపు మాట రాలేదు, జవాబు వచ్చింది. ముసలితనంలో బిడ్డ పుడతాడంటే గుడారంలో లోలోపల నవ్వుకుని, నవ్వలేదని బొంకిన శారా పేరు కూడా హెబ్రీయుల జాబితాలో ఉంది.

మీరు అడిగింది దేవుడు మాట నిలబెట్టుకుంటాడా అని కాదు. ఇది దేవుడి మాటేనా, మనం చేర్చుకున్నది ఎంత అని. ఆ ప్రశ్న ఇంట్లో ఒకరైనా అడగాలి. సంతకం పెట్టినా పెట్టకపోయినా అది నమ్మకానికి కొలత కాదు. వచ్చే బుధవారం కూటానికి మానకుండా వెళ్లండి. మానితే వాళ్ల మాటే నిజమైపోతుంది. మళ్లీ మీ పేరు ఎత్తితే, నా పేరు ఎత్తేముందు నన్ను అడగండి అక్కా అని, అందరి ముందు కాకుండా, ప్రార్థన నడిపించే ఆవిడతో విడిగా చెప్పండి.

అప్పిచ్చే మనిషి తొందరపెడితే, కాగితం నకలు ఇవ్వమనండి, చదివించుకుని చెబుతాననండి. నకలు ఇవ్వనంటే ఇక ఆలోచించవలసింది ఏమీ లేదు.

అమ్మాయికి చెప్పకపోవడం మాత్రం నాకు నచ్చలేదు. చదువు పాడవుతుందని దాస్తున్నారు, సరే. ఆ ఎకరం పోతే ముందు ఆగేది ఆమె ఫీజే, తండ్రి కాలికి పుండు పడితే ముందు సెలవు పెట్టి రావలసిందీ ఆమే. పైగా నర్సింగ్ చదువుతోంది, షుగర్ రోగి పాదం ఎలా చూడాలో ఆమెకు మీకన్నా నాకన్నా బాగా తెలుసు. భార్య అడిగితే అపనమ్మకం అనే తండ్రి, కూతురు పక్కన కూర్చుని నాన్నా ఒకసారి కాలు చూపించు అంటే కాదనడం కష్టం. డబ్బు సంగతి తర్వాత చెప్పినా సరే, మాత్రల సంగతి ఈ వారమే ఆమెకు ఫోను చేసి చెప్పండి.